కారేది కింద, లోపం పైన: ఈ-సిగరెట్ మౌత్‌పీస్, ట్యాంకు సీళ్ల రూపకల్పన
(ఉత్పత్తి రూపకల్పన విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ-సిగరెట్ గురించి ఇంజనీర్లు మాట్లాడుకునేటప్పుడు చర్చ ఎప్పుడూ బ్యాటరీ మీదికో, ద్రవాన్ని వేడి చేసి ఆవిరి చేసే తీగచుట్ట, అంటే కాయిల్ మీదికో పోతుంది. వాడేవాళ్ల ఫిర్యాదులు వినండి, అవి వేరుగా ఉంటాయి. ద్రవం కారుతోంది. నోట్లోకి వేడి చుక్కలు ఎగిరిపడుతున్నాయి. మౌత్‌పీస్ కాలుతోంది. జేబులో ఊడిపోతోంది. ఈ నాలుగింటికీ బ్యాటరీతో దాదాపు సంబంధం లేదు. పెదవికి తగిలే చిన్న గొట్టమూ, లోపల ఎవరి కంటికీ కనబడని రబ్బరు రింగులూ వీటికి జవాబు చెప్పాలి. నేను ఈ రోజు వాటి గురించే మాట్లాడతాను.

ముందుగా ఒక మాట. ఈ పరికరం నిరపాయకరమని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. నికోటిన్ మనిషిని బానిసను చేసుకునే పదార్థం. పొగ తాగని వాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు, దీనితో ఏ పనీ లేదు. కొన్ని దేశాల్లో ఇది నిషిద్ధం, కొన్నిట్లో నియంత్రణకు లోబడి అమ్ముతారు. అమ్మే చోట మాత్రం అది కారకుండా తయారు కావాలన్నది నా పట్టుదల. నికోటిన్ ద్రవం చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. పసిపిల్ల చేతికి అంటి నోట్లోకి పోతే ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి కారడాన్ని శుభ్రతకు సంబంధించిన చిన్న చికాకుగా కాకుండా భద్రతా లోపంగా చూడాలి. ఐరోపా సమాఖ్య 2014లో తెచ్చిన పొగాకు ఉత్పత్తుల ఆదేశం కూడా అలాగే చూసింది. ట్యాంకు 2 మిల్లీలీటర్లకు మించకూడదు, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, పిల్లలు తెరవలేని మూత ఉండాలి, కారకూడదు, నింపేటప్పుడు ఒలకకూడదు అని రాసింది. 2016లో వచ్చిన అమలు నిర్ణయం ఇంకా లోతుకు దిగింది. నింపే సీసా ముక్కు కనీసం 9 మిల్లీమీటర్ల పొడవు ఉండాలట. నిలువుగా తలకిందులు చేసి పట్టుకుంటే, ఏ ఒత్తిడీ పెట్టకుండా, నిమిషానికి 20 చుక్కలకు మించి పడకూడదట. చట్టం ఒక ముక్కు పొడవును మిల్లీమీటర్లలో చెప్పిందంటే ఆ సమస్య ఎంత నిజమైనదో ఆలోచించండి.

ఈ సమస్య మొదటి నుంచీ లేదు. అమెరికాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో పొగలేని సిగరెట్ పేటెంటుకు దరఖాస్తు పెట్టినప్పుడు గానీ, చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో నేటి రూపానికి దారి వేసినప్పుడు గానీ, పెద్ద ద్రవపు ట్యాంకు ఆలోచనలో లేదు. తొలి రోజుల గుళికల్లో దూది లాంటి పీచు నింపి, దాన్ని ద్రవంతో తడిపేవారు. ద్రవాన్ని పీచే పట్టుకుని ఉంచేది. తర్వాత పారదర్శకమైన ట్యాంకులు వచ్చాయి. ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది, ఎక్కువ పడుతుంది, రుచి మాడదు. వాడేవాళ్లకు ఇవన్నీ లాభాలే. కానీ ద్రవానికి స్వేచ్ఛ వచ్చింది. స్వేచ్ఛగా తిరిగే ద్రవాన్ని ఆపాల్సిన భారం మొత్తం రబ్బరు రింగుల మీద పడింది.

ఇక అసలు విషయం. ట్యాంకు కింద నుంచి, గాలి రంధ్రాల గుండా ద్రవం కారుతోంది. రూపకర్త ఏం చేస్తాడు? కింది సీలు చూస్తాడు. మందం పెంచుతాడు, ఇంకో రింగు చేరుస్తాడు, ఇంకా గట్టిగా బిగిస్తాడు. అయినా కారుతుంది. ఎందుకంటే చాలా సందర్భాల్లో కారేది కింద, లోపం పైన.

ఎలాగో చూడండి. ట్యాంకు మధ్యలో ఒక గొట్టం, దాని అడుగున కాయిల్, కాయిల్ చుట్టూ దూది వత్తి. వత్తికి ఎదురుగా చిన్న రంధ్రాలు. ద్రవం ఆ రంధ్రాల గుండా వత్తిలోకి వస్తుంది. వత్తి ఆవతలి వైపు గాలి దారి, అది బయటికి తెరిచే ఉంటుంది. మరి ద్రవం వత్తిని దాటి గాలి దారిలోకి ఎందుకు పారిపోదు? రెండు శక్తులు ఆపుతాయి. ఒకటి, వత్తి నూలు మధ్య ఉన్న సన్నని సందుల్లో తలతన్యత. రెండు, ట్యాంకులో ద్రవం పైన చిక్కుకున్న గాలి. కొంచెం ద్రవం బయటికి రాగానే పైనున్న గాలి పలచబడుతుంది, పాక్షిక శూన్యం ఏర్పడుతుంది, అది ద్రవాన్ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. పీల్చినప్పుడు వత్తి ఎండుతుంది, ఒక బుడగ వత్తి గుండా ట్యాంకులోకి ఎక్కుతుంది, అంతే ఘనపరిమాణం ద్రవం కిందికి దిగుతుంది. ట్యాంకులో బుడగలు పైకి రావడం మీరు చూసే ఉంటారు. ఆ పరికరం సవ్యంగా పని చేస్తోందనడానికి అది గుర్తు.

ఆ శూన్యం ఎంత ఉండాలి? ఇరవై మిల్లీమీటర్ల ఎత్తు ద్రవాన్ని నిలపాలంటే చాలు. ద్రవం సాంద్రత నీటి కంటే కొంచెం ఎక్కువ, ఘన సెంటీమీటరుకు సుమారు 1.13 గ్రాములు అనుకుందాం. లెక్క వేస్తే 220 పాస్కళ్ల దగ్గర వస్తుంది. వాతావరణ పీడనం లక్ష పాస్కళ్లు దాటి ఉంటుంది. అందులో నాలుగు వందల వంతు కూడా కాని తేడా మన ట్యాంకును నిలబెడుతోంది! ఇంత సున్నితమైన తేడాను చెడగొట్టడానికి పై సీలులో ఒక చిన్న గీత చాలు.

ఇక్కడే అందరినీ దారి తప్పించే ఒక సంగతి ఉంది. ఆ గీత దగ్గర తడి కనబడదు. ఈ ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర గాలి చిక్కదనంతో పోలిస్తే మొదటిదాని చిక్కదనం 2,000 రెట్లకు పైనే, రెండోదానిది 50,000 రెట్ల దగ్గర. అంటే ద్రవం రోజుల తరబడి దాటలేని గీతను గాలి నిమిషాల్లో దాటేస్తుంది. పై మూత పొడిగా, శుభ్రంగా కనబడుతూనే ఉంటుంది. లోపలి శూన్యం మాత్రం నిశ్శబ్దంగా పోతుంది. ఆ తర్వాత ద్రవాన్ని ఆపడానికి వత్తి ఒక్కటే మిగులుతుంది. వత్తి బాగా కూరి ఉంటే ఆపగలదు. నూలు సందులు 50 మైక్రోమీటర్లు ఉంటే అవి వేల పాస్కళ్లు తట్టుకుంటాయి. వత్తికీ రంధ్రపు అంచుకూ మధ్య ఒక్క చోట మిల్లీమీటరు ఖాళీ ఉంటే మాత్రం అక్కడ తలతన్యత ఇచ్చే బలం 180 పాస్కళ్లకు మించదు. కావలసింది 220. ద్రవం గాలి దారిలోకి దిగుతుంది, గాలి రంధ్రం గుండా బయటికి వస్తుంది, అందరూ కింది రింగును తిడతారు.

అందుకే నా మొదటి సలహా ఇది. ట్యాంకు తీసుకుని ద్రవంతో పరీక్షించడానికి ముందు గాలితో పరీక్షించండి. వత్తి రంధ్రాలు మూసేసి, లోపలికి 2 కిలోపాస్కళ్ల పీడనం ఎక్కించి, అది ఎంత వేగంగా పడిపోతుందో కొలవండి. పై మూత, నింపే రంధ్రం, గాజు పై అంచు, కింది అంచు, వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడండి. ద్రవంతో పరీక్షిస్తే ఫలితం పొద్దున్నకు తెలుస్తుంది, కారణం తెలియదు. గాలితో పరీక్షిస్తే రెండూ వెంటనే తెలుస్తాయి.

పై మూత గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇంకో దోషం. కొత్తగా నింపి మూత బిగించిన వెంటనే కారే ట్యాంకులు చాలా ఉన్నాయి. వాడేవాళ్లు ఎక్కువ నింపేశామని అనుకుంటారు. తప్పు వాళ్లది కాదు. చాలా మూతల్లో రింగు మూత పక్క గోడకు ఉంటుంది. అది ట్యాంకు గోడను తాకిన క్షణం నుంచి మూత ఒక పిస్టన్ అయిపోతుంది. రింగు లోపలి వ్యాసం 18 మిల్లీమీటర్లు, మధ్య గొట్టం 8 మిల్లీమీటర్లు అనుకోండి. రింగు తాకిన తర్వాత మర ఇంకా ఒకటిన్నర మిల్లీమీటరు కిందికి దిగుతుంది. ఆ కదలిక లోపలి గాలిని 0.3 మిల్లీలీటర్ల మేర నొక్కుతుంది. లోపల మిగిలిన గాలే అర మిల్లీలీటరు ఉంటే దాని పరిస్థితి ఏమవుతుంది? అది తన చోటు కోసం ద్రవాన్ని వత్తి గుండా తోసేస్తుంది. తోసిన ఆ 0.3 మిల్లీలీటర్ల ద్రవం కాయిల్‌ను ముంచి, అక్కడి నుంచి బయటికి దారి వెతుక్కుంటుంది.

దీనికి వాడకందారుల మధ్య ఒక చిట్కా ప్రచారంలో ఉంది. మూత బిగించేటప్పుడు గాలి రంధ్రాలు మూసేయాలి, తెరిచేటప్పుడు కూడా అంతే. అది పని చేస్తుంది. కానీ మన రూపకల్పనలోని లోపానికి వాడేవాడు చిట్కా నేర్చుకోవలసి రావడం మనకు గౌరవం కాదు. పరిష్కారం కష్టమైనది కూడా కాదు. రింగును పక్క గోడ నుంచి తీసి మూత అడుగు ముఖం మీద పెట్టండి. ముఖం మీద కూర్చునే సీలు చివరి 0.3 మిల్లీమీటర్లలో మాత్రమే మూసుకుంటుంది. నొక్కే గాలి 0.06 మిల్లీలీటర్లకు తగ్గుతుంది, అంటే అయిదో వంతు. ఈ సీలు మరతో పాటు గోడ మీద రాపిడికి కూడా గురి కాదు. పక్క గోడ సీలులో రింగు తిరుగుతూ, కొంత భాగం జారుతూ, కొంత భాగం అతుక్కుని, మెలి తిరిగిపోతుంది. ఆ మెలిక దగ్గరే తర్వాత చీలిక వస్తుంది.

ముఖ సీలుకు ఒక జాగ్రత్త కావాలి. ఎంత బిగించాలన్నది వాడేవాడి మణికట్టుకు వదలకూడదు. లోహం లోహాన్ని తాకి ఆగే ఒక అడ్డు ఉండాలి. ఆ అడ్డు తగిలాక ఎంత బలం పెట్టినా రింగు మీద భారం పెరగకూడదు. గాజు ట్యాంకులు పగలడానికి, రింగులు గాజు అంచు కింద నుంచి బయటికి పొంగడానికి ఒక ముఖ్య కారణం ఈ అడ్డు లేకపోవడం.

ఓ-రింగు, అంటే ఇందాకటి నుంచి చెబుతున్న ఈ గుండ్రటి రబ్బరు రింగు గురించి ఇప్పుడు కొంచెం వివరంగా చెప్పాలి. ఇది చాలా చిన్న వస్తువు, కానీ దీని వెనుక పెద్ద శాస్త్రం ఉంది. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సన్ 1937లో దీని అమెరికా పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అప్పటికి ఆయన వయసు 72. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం ఆ పేటెంటును యుద్ధావసరంగా తన చేతిలోకి తీసుకుని ఇతర తయారీదారులకు ఇచ్చింది. అంత అవసరం పడింది దానితో. దాని గొప్పతనం ఏమిటంటే, పీడనం పెరిగే కొద్దీ రింగు గాడి మూలకు ఒత్తుకుని తానే ఇంకా గట్టిగా మూసుకుంటుంది. కానీ మన ట్యాంకులో పీడనం 220 పాస్కళ్లు. ఆ స్వయంసహాయం మనకు దొరకదు. మన సీలు పూర్తిగా మొదట పెట్టిన నొక్కుడు మీదే బతకాలి. హైడ్రాలిక్ యంత్రాల పట్టికలు చూసి ట్యాంకు గాడి కొలతలు పెట్టే వాళ్లు ఈ తేడాను మరిచిపోతారు.

రింగు మందంలో ఎంత వంతు అణిగిందో దాన్ని స్క్వీజ్ అంటాం. కదలని సీలుకు 15 నుంచి 30 శాతం మధ్య ఉంచడం పరిపాటి. ఇప్పుడు సన్నని రింగు తెచ్చే ఇబ్బంది చూద్దాం. ట్యాంకు నాజూకుగా ఉండాలని 1 మిల్లీమీటరు మందం ఉన్న రింగు ఎంచుకున్నారు. గాడి లోతు 0.8. కాగితం మీద స్క్వీజ్ 20 శాతం, అద్భుతం. కానీ రింగు తయారీలో 0.08 మిల్లీమీటరు అటూ ఇటూ తేడా ఉంటుంది. గాడిలో 0.03. అన్నీ ప్రతికూలంగా కలిస్తే 0.92 మందం రింగు 0.83 లోతు గాడిలో పడుతుంది, స్క్వీజ్ 10 శాతం కూడా ఉండదు. అన్నీ మరోవైపు కలిస్తే దాదాపు 29 శాతం. ఒకే బ్యాచిలో ఒక ట్యాంకు మూత జారిపోతుంది, ఇంకొకటి చేతితో తెరుచుకోదు. అదే 1.5 మిల్లీమీటర్ల రింగు, 1.2 గాడి తీసుకోండి. అవే తేడాలతో 13 నుంచి 26 శాతం మధ్య నిలుస్తుంది. అర మిల్లీమీటరు మందం కోసం ట్యాంకు వ్యాసం ఒక మిల్లీమీటరు పెరిగితే పెరగనివ్వండి. అందం కోసం రింగును సన్నబరిచిన ప్రతి రూపకర్తతోనూ నేను ఈ విషయంలో వాదిస్తాను.

రింగును గాడిలోకి ఎక్కించేటప్పుడు లాగుతారు కదా, ఆ సాగుదల అయిదు శాతం దాటకుండా చూడండి. అయిదు శాతం సాగితే మందం రెండున్నర శాతం తగ్గుతుంది, మీరు లెక్కలో పెట్టుకున్న స్క్వీజ్‌ను అది తినేస్తుంది. గాడిని రబ్బరుతో పూర్తిగా నింపకండి. 85 శాతం దగ్గర ఆపండి. ద్రవం తాకితే రబ్బరు ఉబ్బుతుంది, వేడికి వ్యాకోచిస్తుంది, వెళ్లడానికి చోటు కావాలి. రింగు ఎక్కే అంచుకు 15 నుంచి 20 డిగ్రీల వాలు ఇవ్వండి. లేత్ మీద తీసిన వాడి అంచును అలాగే వదిలేస్తే ప్రతి బిగింపుకూ అది రింగు మీద సన్నని పొర గీకుతుంది. ఆ గీత సంగతి ఇందాకే చెప్పాను.

ఏ రబ్బరు? సిలికాన్ అందరికీ ఇష్టం. మెత్తన, ఏ రంగైనా వస్తుంది, చలికి గట్టిపడదు. దాని బలహీనతలు రెండు. సులువుగా చిరుగుతుంది. నిమ్మజాతి సువాసనల్లో ఉండే లిమోనీన్ లాంటి నూనె స్వభావపు పదార్థాలు తగిలితే ఉబ్బుతుంది, ఆ వాసన పట్టుకుని వదలదు. గ్లైకాళ్లకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బాగా తట్టుకుంటుంది, బ్రేకు ద్రవాల్లో దాన్నే వాడతారు. కానీ లిమోనీన్ ముందు అది కూడా ఓడిపోతుంది. ఫ్లోరోకార్బన్ రబ్బరు రసాయనాల ముందు నిలుస్తుంది, చలిలో మాత్రం బిగుసుకుపోతుంది. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌకను బలి తీసుకున్నవి అలాంటి రింగులే. చలికి స్థితిస్థాపకత కోల్పోయి, సందు తెరుచుకున్న వేగంతో తిరిగి విచ్చుకోలేకపోయాయి. మన ట్యాంకులో ప్రాణనష్టం లేకపోవచ్చు గానీ చలికాలం బయట పెట్టిన ట్యాంకు కారడం వెనుక ఉన్న కారణం అదే. సర్వగుణ సంపన్నమైన రబ్బరు లేదు. ఏ ద్రవాలు వాడతారో, ఏ ఉష్ణోగ్రతలో వాడతారో తెలుసుకున్నాకే ఎంపిక చేయాలి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. కొన్ని సువాసన ద్రవ్యాలు, దాల్చిన చెక్క, సోంపు, నిమ్మజాతివి ముఖ్యంగా, పాలికార్బొనేట్ ట్యాంకులను పగులగొడతాయి. ద్రవం ఒక్కటే అయితే చాలా సమయం పడుతుంది. ప్లాస్టిక్‌లో ముందే లాగుడు ఉంటే పగులు త్వరగా వస్తుంది. ఆ లాగుడు ఎక్కడి నుంచి వస్తుంది? లోపలి నుంచి బయటికి ఒత్తుతున్న రింగు నుంచే! కారకూడదని స్క్వీజ్ పెంచిన కొద్దీ ట్యాంకు గోడ పగలడానికి దగ్గరవుతుంది. పగుళ్లు సరిగ్గా రింగు గాడి దగ్గరే, గుండ్రంగా కాకుండా నిలువుగా మొదలవడం గమనిస్తే ఈ సంబంధం అర్థమవుతుంది. బోరోసిలికేట్ గాజు ఈ గొడవ నుంచి తప్పిస్తుంది.

రింగుకు రాసే కందెన విషయంలో నేను కఠినంగా ఉంటాను. తయారీ శాలలో ఏదో గ్రీజు రాసి ఎక్కిస్తే పని సులువు. ఆహార పదార్థాలకు వాడదగినది అన్న ముద్ర చూసి తృప్తి పడతారు. కడుపుకు హాని చేయనిది ఊపిరితిత్తులకు హాని చేయదనడానికి వీల్లేదు. డైఎసిటైల్ అనే వెన్న రుచి పదార్థం తినడానికి అనుమతి ఉన్నదే, దాని ఆవిరి పీల్చిన పాప్‌కార్న్ కర్మాగార కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 2019లో అమెరికాలో గంజాయి సారం ఉన్న ఉత్పత్తుల్లో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ కూడా అలాంటిదే. చర్మానికి రాసుకుంటారు, మాత్రగా మింగుతారు. పీల్చితే ఏమైందో 2020 ఫిబ్రవరి నాటికి నమోదైన 2,807 కేసులు, 68 మరణాలు చెబుతాయి. గాలి దారిలో ఉన్న రింగుకు కందెన కావాలంటే ట్యాంకులో పోసే గ్లిజరిన్‌నే ఒక చుక్క రాయండి. నూనె, పెట్రోలియం జెల్లీ వద్దు.

ఇక మౌత్‌పీస్.

చాలా ట్యాంకులకు 510 రకం మౌత్‌పీస్ వస్తుంది. 510 అన్నది వేర్వేరు తయారీదారులు వాడే ఒక బిగింపు రకం పేరు. ట్యాంకును బ్యాటరీకి బిగించే కింది మర మీద 510కి కొలత స్పష్టంగా ఉంది, 7 మిల్లీమీటర్ల వ్యాసం, అర మిల్లీమీటరు అంతరం. మౌత్‌పీస్ వైపు అంత స్పష్టత లేదు. ఒక తయారీదారు రంధ్రం 8.5 తీస్తే ఇంకొకరు 8.7 తీస్తారు. మౌత్‌పీస్ మీద రెండు సన్నని రింగులు ఆ తేడా అంతా భరించాలి. అందుకే ఒక చోట వదులు, ఒక చోట బిగుతు. నా దృష్టిలో రింగులు మౌత్‌పీస్ మీద కాకుండా ట్యాంకు మూత లోపలి గాడిలో ఉండాలి. అప్పుడు మందమైన రింగుకు చోటు దొరుకుతుంది, మౌత్‌పీస్ నున్నని గొట్టంగా మిగులుతుంది, కడగడం తేలిక. మూతకు ఇంకో గాడి తీయడం ఖర్చే, అయినా పెట్టదగిన ఖర్చు.

లోపలి రంధ్రం ఎంత ఉండాలి? ప్రయోగశాలల్లో వాడే ప్రామాణిక పద్ధతిలో ఒక పీల్పు 55 మిల్లీలీటర్లు, 3 సెకన్లు. రెండు మిల్లీమీటర్ల రంధ్రంలో గాలి వేగం సెకనుకు 6 మీటర్ల దగ్గర వస్తుంది. నాలుగు మిల్లీమీటర్లకు పెంచితే నాలుగో వంతు, ఒకటిన్నర మీటరు. అవరోధం మాత్రం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది కాబట్టి పదహారో వంతుకు పడిపోతుంది. పీల్చే బిగువును మౌత్‌పీస్‌తో సరిచేయాలని చూడకండి. ఆ పని కింది గాలి రంధ్రానిది. ఒక మిల్లీమీటరు రంధ్రం ఇదే పీల్పుకు 50 మిల్లీమీటర్ల నీటి మట్టం (సుమారు 490 పాస్కళ్లు) దాటిన అవరోధాన్ని ఇస్తుంది. బిగువు అక్కడ పెట్టి, మౌత్‌పీస్‌ను విశాలంగా వదలండి. ఎందుకంటే సన్నని గొట్టంలో ఇంకో ఆపద ఉంది. ఆవిరి గోడకు తగిలి చల్లబడి చుక్కలవుతుంది. ఈ ద్రవానికి తలతన్యత ప్రభావం దాదాపు రెండు మిల్లీమీటర్ల పరిధిలో గురుత్వాకర్షణకు సమానంగా నిలుస్తుంది. రెండు మిల్లీమీటర్ల గొట్టంలో చేరిన ద్రవం కిందికి జారదు, అడ్డంగా బిరడాలా నిలుస్తుంది, తర్వాతి పీల్పుకు సూటిగా నోట్లోకి వస్తుంది. నాలుగు దాటిన గొట్టంలో అది గోడ వెంట తిరిగి కాయిల్‌కు దిగుతుంది. దిగే దారిలో మెట్టు, పదునైన అంచు లేకుండా చూడండి.

వేడి చుక్కలు ఎగరడం దీనికి భిన్నమైనది. కాయిల్ చుట్టూ ఎక్కువ ద్రవం చేరినప్పుడు ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా మరిగి, 290 డిగ్రీల దాకా మరగని గ్లిజరిన్ తుంపరలను తనతో ఎగరేస్తుంది. మౌత్‌పీస్‌లో జాలీ పెట్టి ఆపడం ఒక మార్గం. గొట్టానికి ఒక వంపు ఇస్తే ఇంకా మంచిది. ఆవిరి కణాలు మైక్రోమీటరు కంటే చిన్నవి, గాలితో పాటు వంపు తిరుగుతాయి. పెద్ద చుక్కలు తిరగలేక గోడకు కొట్టుకుని ఆగిపోతాయి. కానీ చుక్కలు ఎగరడానికి మూలం కాయిల్ మునగడం, కాయిల్ మునగడానికి మూలం పై సీలు శూన్యాన్ని పోగొట్టుకోవడం. మౌత్‌పీస్ మీద వచ్చే ఫిర్యాదును సీలు దగ్గర సరిచేయవలసి వస్తుంది. ఈ రెండు భాగాలను రెండు బృందాలకు పంచి ఇచ్చే సంస్థలు ఈ కారణంగానే ఏళ్ల తరబడి ఒకే ఫిర్యాదు చుట్టూ తిరుగుతుంటాయి.

వేడి విషయం త్వరగా చెప్పేస్తాను. అల్యూమినియం ఉష్ణవాహకత (మీటరు-కెల్విన్‌కు వాట్లలో) 200 దాటి ఉంటుంది, స్టెయిన్‌లెస్ స్టీలుది 15 దగ్గర, పీక్, అసిటాల్ లాంటి ప్లాస్టిక్‌లది 0.3 దగ్గర. పెదవి తాకే భాగం ప్లాస్టిక్‌లోనే ఉండనివ్వండి. కాయిల్‌కు దగ్గరగా వెళ్లే భాగంలో మాత్రం అసిటాల్ వాడకండి. అధిక వేడికి అది ఫార్మాల్డిహైడ్‌గా విడిపోతుంది.

(ఒక విద్యార్థి: విమానంలో ట్యాంకులు కారడాన్ని సీలుతో ఆపలేమా?)

మంచి ప్రశ్న. ఆపలేం. విమానం లోపలి పీడనం సుమారు 75 కిలోపాస్కళ్ల దాకా తగ్గుతుంది. నేల మీద 101. ట్యాంకులో ఒక మిల్లీలీటరు గాలి ఉంటే అది 1.35 మిల్లీలీటర్లు కావాలని చూస్తుంది. సీళ్లు ఎంత బాగుంటే అంత నిక్కచ్చిగా ఆ గాలి ద్రవాన్ని వత్తి గుండా తోస్తుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లో ఈ పరికరాలను సామాను గదిలో వేయనీయకుండా, ప్రయాణికుడి దగ్గరే ఉంచుకోవాలని నియమం పెట్టింది. దానికి కారణం బ్యాటరీ మంటలు. కానీ దాని వల్ల కారే ట్యాంకు జేబులోకే వచ్చింది.

ఇక్కడ మనకు దారి చూపేది ఫౌంటెన్ పెన్ను. చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరాను తోస్తే, నిబ్బు కింది సన్నని రెక్కల మధ్య సందులు ఆ అదనపు సిరాను పట్టుకుంటాయి. గాలి చల్లబడగానే తిరిగి లోపలికి ఇస్తాయి. ట్యాంకు అడుగున అలాంటి రెక్కలు పెట్టవచ్చు. రెక్కల మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు ఉంటే తలతన్యత 225 పాస్కళ్లు ఇస్తుంది. మనకు కావలసింది 220 కదా. ఇరవై రెండు మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో, మధ్యలో గాలి దారి వదిలినా, రెండు మిల్లీమీటర్ల ఎత్తు రెక్కలు 0.3 మిల్లీలీటర్ల ద్రవాన్ని దాచగలవు.

(మరో విద్యార్థి: అలాంటప్పుడు ఆ సందు ఇంకా సన్నగా పెడితే ఎక్కువ బలం వస్తుంది కదా?)

వస్తుంది. కానీ తిరిగి వదలదు. గ్లిజరిన్ చిక్కదనం 20 డిగ్రీల దగ్గర ఉన్నదానితో పోలిస్తే 60 డిగ్రీల దగ్గర పదో వంతు కంటే తక్కువ. వెచ్చగా ఉన్నప్పుడు సులువుగా లోపలికి దూరిన ద్రవం, చల్లబడ్డాక సన్నని సందులో ఇరుక్కుపోతుంది. సందు తగ్గితే ప్రవాహం సందు ఘనాన్ని బట్టి పడిపోతుంది, అంటే సగం చేస్తే ఎనిమిదో వంతు. ఒకసారి నిండిన రెక్కలు ఖాళీ కాకపోతే రెండోసారి విమానం ఎక్కినప్పుడు అవి పనికిరావు. కాబట్టి పరీక్ష ఇలా చేయండి. ట్యాంకును సగం నింపండి. నిలువుగా ఒకటి, పక్కకు ఒకటి, తలకిందులుగా ఒకటి పెట్టండి. శూన్య పాత్రలో 75 కిలోపాస్కళ్లకు తగ్గించి, కొంతసేపు ఉంచి, మళ్లీ పెంచండి. వెంటనే ఇంకోసారి చేయండి. ప్రతిసారీ ముందూ తర్వాతా వందో వంతు గ్రాము చూపే త్రాసు మీద తూచండి. మొదటి చక్రంలో గెలిచి రెండో చక్రంలో ఓడిన నమూనాను పక్కన పెట్టండి. ఇదంతా కొత్త రింగులతో కాకుండా, వేడి పెట్టెలో వారాల పాటు నొక్కి ఉంచి కంప్రెషన్ సెట్ వచ్చిన, అంటే శాశ్వతంగా అణిగిపోయిన రింగులతో చేయండి. వాడేవాళ్ల చేతుల్లో ఉండేవి పాత రింగులే.